మట్టిలో కలిసే సంచి: కొనే ముందు చూడవలసినవి, వాడిన తరువాత చేయవలసినవి

తిరుమలలో లడ్డూల కోసం రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ రూపొందించిన, మట్టిలో కలిసే సంచుల అమ్మకం 2021 ఆగస్టులో మొదలైంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులలో కొన్నిటిపై 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం అమలులోకి వచ్చింది. ఇప్పుడు కిరాణా కొట్టులో కూడా ‘మొక్కజొన్నతో చేసినది’ అంటూ ఆకు బొమ్మ ఉన్న సంచి చేతికిస్తున్నారు. దానిని తీసుకునే ముందు రెండు ప్రశ్నలను విడివిడిగా వేసుకోవాలి: ఇది దేనితో తయారైంది, ఇది మట్టిలో కలుస్తుందా? బ్రెజిల్‌లో 2010 నుంచి చెరకు ఇథనాల్‌తో తయారు చేస్తున్న పాలిథీన్ మొక్క నుంచి వచ్చినదే అయినా మామూలు పాలిథీన్ లాగే మట్టిలో కలవకుండా ఉండిపోతుంది. ఇలాంటి సంచులలో వాడే పీబీఏటీ అనే ప్లాస్టిక్ ఎక్కువగా పెట్రోలియం నుంచే వస్తున్నా సూక్ష్మజీవులు దానిని తినగలవు. కాబట్టి పుట్టుకను మాత్రమే చూసి నమ్మకూడదు.

సంచి మీద ‘కంపోస్టబుల్’ (ఎరువుగా మారగలది) అనే మాట, తయారీదారు పేరు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సర్టిఫికెట్ సంఖ్య ఉండాలి; సంచి ఇలాంటి ప్లాస్టిక్‌కు పెట్టిన ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణానికి తగినదై ఉండాలి. ‘ఎకో’, ‘గ్రీన్’ అన్న మాటలకు ఏ విలువా లేదు. ‘ఆక్సో’ అని కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి. అది మామూలు ప్లాస్టిక్‌నే పొడిపొడిగా రాలేటట్లు చేసే మందు కలిపిన సరుకు. ఐరోపా సమాఖ్య 2021 జూలైలో దానిని నిషేధించింది.

ఈ ప్రమాణం ఇచ్చే హామీని సరిగా అర్థం చేసుకోవాలి. సుమారు 58 డిగ్రీల వేడిలో, తగినంత తేమలో, 180 రోజుల లోపల సంచిలోని కర్బనంలో కనీసం 90 శాతం బొగ్గుపులుసు వాయువుగా మారాలి. పన్నెండు వారాల తరువాత 2 మిల్లీమీటర్ల జల్లెడలో పదో వంతుకు మించి మిగలకూడదు. ఇందులో ప్రాణం అంతా ఆ వేడిలోనే ఉంది. నేను ఇలాంటి ఒక సంచిని బాల్కనీలోని పూలకుండీలో పాతిపెట్టి ఆరు నెలల తరువాత తవ్వి చూస్తే, అంచులు మాత్రం పెళుసెక్కాయి, దాని మీది అక్షరాలు ఇంకా చదవగలిగేటట్లే ఉన్నాయి. కుండీలోని చల్లని మట్టికి ఆ పని చేతకాదు. వానపాముల ఎరువు తొట్టిని చల్లగానే ఉంచుతాము కనుక అదీ పనికిరాదు.

అందువల్ల అపార్ట్‌మెంటు వారు కలిసి, పొడవు, వెడల్పు, ఎత్తు మీటరుకు తగ్గకుండా ఒక ఎరువు కుప్ప వేసుకోవడం మేలు. ఒక బకెట్టు వంటింటి చెత్తకు రెండు మూడు బకెట్ల ఎండుటాకులు కలపాలి. పిడికిట నొక్కితే ఒకటి రెండు చుక్కలు రావాలి, కారిపోకూడదు. సంచిని అరచేతి అంత ముక్కలుగా కత్తిరించి కుప్ప నడుమ వేయాలి. ఒక ఇనుప కడ్డీని మధ్యకు గుచ్చి కాసేపటి తరువాత తీసినప్పుడు, దానిని పట్టుకోలేనంత వేడిగా ఉంటే పని జరుగుతున్నట్లే. వారానికొకసారి తిరగవేయాలి.

అటువంటి కుప్పకు గాని, నగరపాలక సంస్థ కంపోస్టు కేంద్రానికి గాని పంపే వీలు లేకపోతే, ఈ సంచి కొనడం కంటే గుడ్డసంచి తీసుకువెళ్ళడం, విందుకు మోదుగాకు విస్తళ్ళు తెప్పించడం ఎన్నో రెట్లు నయమని నా అభిప్రాయం. మొక్కజొన్న వంటి పంటల నుంచి తీసే పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో చేసిన గ్లాసులు 60 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి కనుక వాటిలో వేడి సాంబారు పోయకూడదు. వాటిని నీళ్ళ సీసాల చెత్తలో వేస్తే ఆ సీసాల రీసైక్లింగ్ చెడుతుంది. పిండిపదార్థం కలిసిన సంచులు తేమ పీల్చుకుంటాయి, మరీ ఎండితే గంజి పెట్టిన చీరలా బిరుసెక్కి చిరుగుతాయి. కాబట్టి ఏడాదికి సరిపడా కొని అటక మీద పెట్టకండి.

మూడు నెలలకు కుప్పను జల్లించినప్పుడు పైన మిగిలిన ముక్కలను పారేయకుండా తరువాతి కుప్ప నడుమ వేయాలి.