22 అడుగుల నుంచి 30కి: కుటుంబంతో పెద్ద పడవ ఎక్కేముందు జాగ్రత్తలు

పడవలు కట్టే వేదికకి, అంటే డాక్‌కి, మా పడవ తగలబోతుంటే కాలు అడ్డం పెట్టి ఆపడం నాకు ఎనిమిదేళ్ల అలవాటు. అమెరికాలోని చెసపీక్ బేలో (అఖాతంలో) మేం నడిపిన కాటలినా 22 అనే తెరచాప పడవ బరువు ఒక టన్నుకి కాస్త పైన. ఇద్దరం నిలబడి తోస్తే చెప్పిన మాట వినేది. కిందటేడు పాత కాటలినా 30 కొని, మరీనాలోకి, అంటే పడవలు నిలిపే రేవులోకి, తెచ్చిన మొదటిరోజే అదే ధీమాతో కాలు చాచాను. పక్క స్లిప్‌లోని (ఒక్కో పడవకి కేటాయించిన చోటు) పెద్దాయన గట్టిగా అరవబట్టి వెనక్కి లాక్కున్నాను. మరుక్షణం డాక్ గుంజకీ పడవకీ మధ్య ఇరుక్కున్న ఫెండర్, పడవకి దెబ్బ తగలకుండా వేలాడదీసే దిండు, అప్పడంలా అణిగిపోయింది. అక్కడ ఉండాల్సింది నా చీలమండ.

పొడవు పెరిగింది 8 అడుగులే. బరువు మాత్రం నాలుగున్నర టన్నులకి, అంటే నాలుగు రెట్లకి పైగా పెరిగింది. తెరచాపలు 212 చదరపు అడుగుల నుంచి 446కి వెళ్లాయి. చిన్న పడవలో చేత్తో, కాలితో, భుజంతో ఆపిన ప్రతిదానికీ పెద్ద పడవలో ఇంకో ఉపాయం ముందే సిద్ధంగా ఉండాలి. ఏప్రిల్‌లో పడవలు నీళ్లలోకి దించకముందే ఈ సంగతులు చూసుకోండి. ఇంకా కొనలేదంటే మరీ మంచిది.

కొనేటప్పుడు అందరూ కేబిన్ చూసి పడిపోతారు. మేమూ అంతే. నిటారుగా నిలబడే ఎత్తు, వంటగది, తలుపున్న టాయిలెట్ చూడగానే మా ఆవిడ అప్పుడే తెరలు ఏ రంగువి వెయ్యాలో ఆలోచిస్తోంది. అమ్మేవాళ్లు చూపించేదీ అదే. మీరు చూడాల్సింది కార్పెట్ కింద. కాటలినా 30లు ఆరు వేలకి పైగా తయారయ్యాయి కాబట్టి వాటి జబ్బులు అందరికీ తెలిసినవే. తొలినాళ్ల పడవల్లో కీల్‌ని (పడవ అడుగున ఉండే బరువైన రెక్క) బిగించే బోల్టుల దగ్గర ప్లైవుడ్ పెట్టారు. నీరు దిగితే అది కుళ్లుతుంది. పడవని ఒడ్డుకెక్కించి చూస్తే కీల్ అతుకు ముందుభాగంలో నవ్వినట్టు ఒక చీలిక కనిపిస్తుంది. ఆ నవ్వుకి మురిసిపోకండి. మాస్ట్ (తెరచాప స్తంభం) బరువుని లోపల మోసే గుంజ అడుగున కూడా చెక్క మెత్తబడుతుంది. డెక్ మీద నడుస్తుంటే ఎక్కడైనా తడిసిన అట్టమీద అడుగేసినట్టు అనిపిస్తే లోపలి చెక్క నానిందన్నమాట. మాస్ట్‌ని పట్టి ఉంచే స్టీలు తీగలు పైకి మెరుస్తూనే ఉంటాయి. తుప్పు మాత్రం అవి డెక్‌లోకి దిగే చోట, కంటికి కనబడకుండా పడుతుంది. అవి ఎప్పుడు మార్చారని అడగండి. ‘గుర్తులేదు’ అంటే మార్చలేదనే లెక్క. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి మాట్లాడండి.

పడవని పరీక్షించే సర్వేయర్ని మీరే పెట్టుకోండి, బ్రోకర్ చూపించినవాణ్ణి వద్దు. సామ్స్ (SAMS), నామ్స్ (NAMS) అని సర్వేయర్ల సంఘాలు రెండున్నాయి, వాటి సభ్యుల్లో ఒకరిని ఎంచుకోండి. పడవని పైకెత్తి చూడాలి, నీళ్లలో నడిపీ చూడాలి. ఒకటి చాల్లే అంటే ఒప్పుకోకండి. బయానా ఇచ్చినా, సర్వే నచ్చకపోతే తిరిగి ఇచ్చేస్తామని కాగితం మీద రాయించుకోండి. ఇంజన్ సంగతి సర్వేయర్‌తో పాటు మీరూ చూడొచ్చు. స్టార్ట్ చెయ్యకముందే దానిమీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేలోగా ఎవరో వేడిచేసి ఉంచారు. చల్లని డీజిల్ ఇంజన్ ఎలా లేస్తుందో చూడ్డానికే కదా మీరు అంత దూరం వెళ్లింది!

తొలి మోడళ్లలో కొన్నిటికి అటామిక్ 4 అనే పెట్రోలు ఇంజన్ ఉండేది. అది చెడ్డ ఇంజన్ అని కాదు గానీ, పడవంటే గిన్నె లాంటిది. ఇంట్లో గ్యాస్ లీకైతే తలుపు తీస్తే నేలమీదుగా బయటికి పోతుంది. గిన్నెకి తలుపెక్కడిది? గాలికన్నా బరువైన పెట్రోలు ఆవిరీ, వంట గ్యాసూ అడుగున చేరి నిప్పురవ్వ కోసం కూర్చుంటాయి. పెట్రోలు ఇంజన్ అయితే స్టార్ట్ చేసే ముందు కనీసం 4 నిమిషాలు బ్లోయర్ (ఆవిరిని బయటికి తోసే పంకా) నడపాలి, ఆ తర్వాత ముక్కుతో వాసన చూడాలి. వంట గ్యాస్ సిలిండర్ ఉండాల్సింది కేబిన్‌లో కాదు, లీకైన గ్యాస్ నేరుగా బయటికి పోయేలా గొట్టం ఉన్న అరలో. కార్బన్ మోనాక్సైడ్ అలారం కొత్తది కొనండి. పాత పడవతో వచ్చినదాన్ని నమ్మొద్దు.

పడవ అడుగున నీరు వచ్చే, పోయే కన్నాలు చిన్న పడవలో పెద్దగా ఉండవు. ఇందులో సింక్‌కి, టాయిలెట్‌కి, ఇంజన్‌కి ఉన్నవన్నీ వెతికి ఒక బొమ్మ గీసుకోండి. ప్రతి వాల్వునీ చేత్తో తిప్పి చూడండి. ప్రతిదాని పక్కనా సరిపడే చెక్క బిరడా తాడుతో కట్టి ఉంచండి. చీకట్లో నీరెక్కుతున్నప్పుడు వెతుక్కోలేరు.

కాగితాల దగ్గర మనవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. కోస్ట్‌గార్డ్ దగ్గర పడవని డాక్యుమెంట్ చేయించాలంటే, అంటే కేంద్రప్రభుత్వ నమోదు కావాలంటే, అమెరికా పౌరులై ఉండాలి. హెచ్1బీ మీదో గ్రీన్‌కార్డు మీదో ఉంటే రాష్ట్రం ఇచ్చే టైటిల్ (యాజమాన్య పత్రం) ఒక్కటే మార్గం. మీరు కొనే పడవ అంతకుముందే డాక్యుమెంట్ అయి ఉంటే ఆ నమోదు రద్దు కాగితం ముందు తెప్పించుకోండి, దానిమీద అప్పులున్నాయేమో కూడా చూసుకోండి. మేరీలాండ్‌లో ధర మీద 5 శాతం పన్ను ఉంటుంది. 1972 జులై 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు పడవ నడపాలంటే బోటింగ్ సేఫ్టీ సర్టిఫికెట్ కూడా కావాలి. ఇన్సూరెన్స్ దొరుకుతుందో లేదో బయానా ఇవ్వకముందే అడగండి. పాత పడవ, కొత్త ఓనరు అంటే వాళ్లు వెనకాడతారు.

ఇక నడపడం. 22లో వెనక తగిలించిన మోటారుని ఎటు తిప్పితే అటు తిరిగేది. 30లో ప్రొపెల్లర్ కిందే బిగించి ఉంటుంది, తిరగదు. పడవ కదులుతుంటేనే చుక్కాని మాట వింటుంది. రివర్స్ వెయ్యగానే వెనక భాగం ఒక పక్కకి, సాధారణంగా ఎడమకి లాగుతుంది. ఇది లోపం కాదు, దాని నడక తీరే అంత. గాలి లేని ఒక పొద్దున్న ఖాళీ చోట నీళ్లమీద తేలే బోయాని ఒకదాన్ని డాక్ అనుకుని ఇరవైసార్లు దగ్గరికెళ్లి ఆపండి. డాక్ దగ్గర పడవ నడుమ ఉన్న క్లీట్ (తాడు కట్టే కొక్కెం) నుంచి ఒక తాడు ముందు వేస్తే మిగతా పని తాడే చేస్తుంది. ఎవరూ దూకొద్దు, కాళ్లు చాచొద్దు. ఒక మనిషి చేతిలో ఫెండర్ పట్టుకుని నిలబడితే చాలు.

విన్చ్ (తాడు చుట్టి బిగించే చక్రం) మీద ఉన్న తాడులో ఇప్పుడు మనిషిని ఈడ్చేంత బలం ఉంటుంది. వేళ్లు దూరంగా ఉంచాలి. చున్నీలు, విరబోసిన జుట్టు దాని దగ్గరికి రాకూడదు. మా చెల్లెలు వచ్చినప్పుడు మొదటిపని చున్నీ కేబిన్‌లో పెట్టించడమే. గాలి వెనకనుంచి వస్తున్నప్పుడు బూమ్ (చాప అడుగున ఉండే అడ్డకర్ర) ఒక్కసారి అటునుంచి ఇటు కొడితే తల పగులుతుంది. దాన్ని ముందుకి తాడుతో కట్టి ఉంచండి, పిల్లల్ని కింద కూర్చోబెట్టండి. కాకినాడ నుంచి అమ్మ వచ్చినప్పుడు కేబిన్ మెట్లమీద జారబోయింది. అటక నిచ్చెన దిగినట్టు మెట్లవైపు ముఖం పెట్టి దిగమ్మా అని చెప్పాక మళ్లీ ఇబ్బంది రాలేదు.

మేరీలాండ్ చట్టం 13 ఏళ్లలోపు పిల్లలకి లైఫ్‌జాకెట్ తప్పనిసరి చేసింది 21 అడుగుల లోపు పడవల్లోనే. పెద్ద పడవలో అవసరం లేదని దానర్థం కాదు. డెక్ ఎత్తు పెరిగింది, పడితే తిరిగి ఎక్కడం ఇంకా కష్టం. ఏప్రిల్‌లో ఎండ హాయిగా ఉన్నా నీరు 12 డిగ్రీల దరిదాపులోనే ఉంటుంది. పడిన మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, పది నిమిషాలు దాటితే చేతులు పనిచెయ్యవు. మరీనాలో ఈత అసలే వద్దు. డాక్ కరెంటు నీళ్లలోకి లీకైతే కనబడదు.

లోతు మర్చిపోవద్దు. చెసపీక్ సగటు లోతు 21 అడుగులే. 22లో కీల్ పైకి లాగేస్తే రెండడుగుల నీళ్లు సరిపోయేవి, మామూలు కీల్ ఉన్న 30కి 5 అడుగుల 3 అంగుళాలు కావాలి. మేం పీతలు పట్టుకున్న పాత చిన్న పాయలన్నీ ఇప్పుడు మాకు మూసుకుపోయినట్టే. లంగరు వేసేటప్పుడు నీటి లోతుకి పడవ ముక్కు ఎత్తు కూడా కలిపి, దానికి కనీసం ఐదు రెట్ల తాడు వదలండి. రాత్రికి ఏడు రెట్లు. వేసవి మధ్యాహ్నాల్లో పడమట మబ్బు నల్లబడితే ‘ఇంకో అరగంట చూద్దాం’ అనుకోకండి. చాప తగ్గించడం 22లో రెండు నిమిషాల పని. 446 చదరపు అడుగుల చాపల్ని గాలి వచ్చాక తగ్గించడం ఏంటో నాకు జులైలో తెలిసింది.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న మా ఆవిడే అడిగింది: “మీరు నీళ్లలో పడితే నేనేం చెయ్యాలి?” చిన్న పడవలో చెయ్యి పట్టుకుని లాగేది. ఇందులో తడిసిన మనిషిని చేతుల్తో లాగడం కుదరదు. లైఫ్‌స్లింగ్ (తాడు కట్టిన తేలే పట్టీ) విసిరి, చుట్టూ తిప్పి దగ్గరికి తెచ్చి, చాపని పైకెత్తే తాడుకి తగిలించి విన్చ్‌తో ఎత్తాలి. జూన్‌లో నీరు వెచ్చబడ్డాక నేను జాకెట్ వేసుకుని దిగాను. మొదటిసారి పావుగంట పట్టింది. మూడోసారికి ఐదు నిమిషాల్లో డెక్ మీద ఉన్నాను. ఆపదలో పిలిచే వీహెచ్ఎఫ్ రేడియో ఛానెల్ 16లో ఏం చెప్పాలో ఒక కార్డు మీద తెలుగులో రాసి రేడియో పక్కన అంటించాం, కంగారులో ఇంగ్లీషు గుర్తురాదని. కింద చెప్పాల్సిన ఇంగ్లీషు మాటలు తెలుగు లిపిలోనే ఉన్నాయి. ఆ తర్వాతి ఆదివారం ఇంజన్ స్టార్ట్ చేసిన దగ్గర్నుంచి స్లిప్‌లో కట్టేదాకా పడవ తనే నడిపింది. నేను కాక్‌పిట్‌లో పాదాలు ముడుచుకుని కూర్చున్నాను.