హెడ్‌సెట్ ఆప్టికల్ మాడ్యూల్‌లో లోపాలు: లక్షణం, కారణం, పరిష్కారం

వీఆర్ హెడ్‌సెట్‌లో ఒక్కో కంటికి ఒక్కో ఆప్టికల్ మాడ్యూల్ ఉంటుంది. వెనుక చిన్న డిస్‌ప్లే, ముందు లెన్సులు, వాటిని పట్టి ఉంచే తొడుగు అందులోని ముఖ్య భాగాలు. 2022, 2024 మధ్య వచ్చిన మెటా క్వెస్ట్ ప్రో, క్వెస్ట్ 3, యాపిల్ విజన్ ప్రోలలో ఉంగరాల్లాంటి గాడులున్న ఫ్రెనెల్ లెన్సులకు బదులు, కాంతిని లోపలే వెనక్కీ ముందుకూ మళ్లించే పాన్‌కేక్ లెన్సులను వాడారు. ఈ పద్ధతిలో మాడ్యూల్ మందం బాగా తగ్గుతుంది, కానీ దానితోపాటు పొరపాటుకు ఉండే వెసులుబాటు కూడా తగ్గిపోతుంది. ఇలాంటి మాడ్యూళ్లను రూపొందించేవారు, నమూనాలను పరీక్షించేవారు అన్నిటికన్నా ముందు పాటించవలసిన నియమం ఒకటి ఉంది. లోపం ఏ తలంలో ఉందో తేల్చుకోకుండా మాడ్యూల్‌ను విప్పకూడదు. మూసి ఉన్న మాడ్యూల్‌ను మామూలు గదిలో ఒక్కసారి విప్పినా, ఉన్న లోపం పోవడం అటుంచి కొత్త ధూళి లోపలికి చేరుతుంది.

లక్షణం: బొమ్మలో నల్ల చుక్క

తెల్లని తెరను చూపించి, కంటిని నెమ్మదిగా పక్కలకు జరుపుతూ చూడండి. చుక్క స్పష్టంగా ఉండి, బొమ్మలో ఒకే చోట అతుక్కుని ఉంటే అది డిస్‌ప్లే తలంలో ఉన్నట్టు. మసకగా ఉండి, బొమ్మ మీద జారుతున్నట్టు కనిపిస్తే అది లెన్సు ఉపరితలం మీద ఉన్నట్టు. డిస్‌ప్లే తలంలో ఉందని తేలితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం తెరలను విడివిడిగా చూపించాలి. ధూళి మూడింటిలోనూ కనిపిస్తుంది, ఒక్క రంగులోనే కనిపిస్తే అది పిక్సెల్ లోపం.

ఇంత చిన్న ధూళి ఇంత ఇబ్బంది ఎందుకు పెడుతుందో లెక్క వేసి చూస్తే అర్థమవుతుంది. నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 25 మి.మీ. ఉన్న లెన్సు డిస్‌ప్లేను సుమారు 10 రెట్లు పెద్దదిగా చూపుతుంది. ఆ తలంలో ఉన్న 20 మైక్రాన్ల రేణువు కంటి దగ్గర 2.75 ఆర్క్ నిమిషాల కోణం చేస్తుంది (ఆర్క్ నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు). ఆరోగ్యవంతమైన కన్ను ఒక ఆర్క్ నిమిషం వివరాన్ని పట్టుకోగలదు కాబట్టి ఆ రేణువు కనబడకుండా పోయే అవకాశం లేదు. అదే రేణువు కంటి వైపు ఉపరితలం మీద ఉంటే, కన్ను అంత దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేయలేదు కనుక, దాని ఉనికే తెలియదు.

నా దృష్టిలో దీనికి అత్యంత చవకైన పరిష్కారం డిస్‌ప్లే మీద 1 మి.మీ. మందమున్న గాజు పలకను పారదర్శక జిగురుతో, నడుమ గాలి లేకుండా అతికించడం. అప్పుడు ధూళి పడేది గాజు పైతలం మీద. ఆ తలం ఫోకస్‌కు సుమారు ఒక డయాప్టర్ (లెన్సు శక్తికి కొలమానం) దూరంలో ఉంటుంది కాబట్టి, 4 మి.మీ. కంటిపాప ఉన్నవారికి ఆ రేణువు 14 ఆర్క్ నిమిషాల మసక మచ్చగా పరుచుకుని దాదాపు కంటికి ఆనకుండా పోతుంది. దీనితోపాటు డిస్‌ప్లేకూ వెనుక లెన్సుకూ మధ్యనున్న ఖాళీని ధూళిని బాగా అదుపు చేసిన ఐఎస్ఓ 5 తరగతి క్లీన్ రూమ్‌లో మూసి, ఒకే భాగంగా తయారుచేయాలి. కళ్ల మధ్య దూరాన్ని సర్దే జారుడు పట్టాలు, మోటార్లు ఆ ఖాళీకి బయటే ఉండాలి, ఎందుకంటే రాపిడికి ప్లాస్టిక్ పొడి రాలుతూనే ఉంటుంది. పలుచగా వంగే ఫ్లెక్స్ కేబుల్ బయటికి వచ్చే చీలికను స్పాంజితో కాక జిగురుతో మూయాలి. స్పాంజి తానే రేణువులను రాలుస్తుంది. తొడుగు లోపల కాంతి ప్రతిఫలించకుండా వేసే నల్లరంగు పూత కూడా రాలే అవకాశం ఉంది, దాని బదులు గరుకు ఉపరితలాన్ని అచ్చులోనే తీసుకురావడం మేలు.

లక్షణం: బొమ్మ మొత్తం పొగ పట్టినట్టు ఉండడం

కొద్ది నిమిషాల్లో దానంతట అదే పోతే అది కంటి వైపు పట్టిన తేమ. ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గర ఉన్న హెడ్‌సెట్‌ను విశాఖపట్నం వంటి తీర నగరంలో 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న ఆరుబయటికి తెస్తే, ఆ గాలిలోని ఆవిరి 27 డిగ్రీల దగ్గరే నీరుగా మారుతుంది కాబట్టి లెన్సు వెంటనే మసకబారుతుంది. ముఖానికి ఆనే మెత్తకు గాలి రంధ్రాలు ఇవ్వడం, లెన్సుకు తేమను పలుచగా పరిచే పూత వేయడం దీనికి సరిపోతాయి.

చల్లబడినప్పుడల్లా లోపలి వైపు మసక వస్తుంటే, మూసేటప్పుడు తేమ లోపల చిక్కుకుపోయిందని అర్థం. ఎంతసేపటికీ పోని, నూనె పూసినట్టున్న పొర అయితే అది జిగురు లేదా సిలికోన్ వదిలిన ఆవిరి. మూసే ముందు భాగాలను వేడిలో ఆరబెట్టాలి, జిగురును పూర్తిగా గట్టిపడనివ్వాలి. జిగురును ఎంచుకునేటప్పుడు పదార్థం వదిలే ఆవిరిని కొలిచే ఏఎస్‌టీఎం ఈ595 పరీక్ష ఫలితాలను అడిగి తీసుకోండి. 125 డిగ్రీల వద్ద 24 గంటలు శూన్యంలో ఉంచినప్పుడు మొత్తం బరువు నష్టం 1 శాతానికి, పేరుకునే ఆవిరి 0.1 శాతానికి మించకూడదన్నది అంతరిక్ష పరికరాలకు వాడుకలో ఉన్న హద్దు. హెడ్‌సెట్‌కు ఇది తప్పనిసరి కాకపోయినా మంచి వడపోత.

ఇవన్నీ చూసి మాడ్యూల్‌ను గాలి చొరకుండా బిగించేస్తే మరో సమస్య మొదలవుతుంది. లోపలి గాలి 25 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు వేడెక్కితే పీడనం 10 శాతం పెరుగుతుంది, 40 మి.మీ. వ్యాసమున్న లెన్సు మీద అది సుమారు 1.3 కిలోల బరువుతో నెట్టినట్టే. జిగురు గీతలు విడిపోవడానికి, పలుచని భాగాలు వంగడానికి అది చాలు. అందుకే నీటినీ ధూళినీ ఆపి గాలిని మాత్రం వదిలే సాగదీసిన పీటీఎఫ్ఈ (టెఫ్లాన్ రకం ప్లాస్టిక్) పొరతో ఒక చిన్న రంధ్రం తప్పక ఇవ్వాలి. ఆ పొర గుండా ఆవిరి కూడా రాకపోకలు సాగిస్తుంది కనుక లోపలి భాగం ఎప్పుడూ పొడిగా ఉంటుందని మాత్రం అనుకోకూడదు.

లక్షణం: నల్లని నేపథ్యంలో తెల్ల అక్షరాల పక్కన రెండో నీడ

ఇది పాన్‌కేక్ లెన్సుల ప్రత్యేక రోగం. ఇందులో మూడు పొరలు ఉంటాయి: కాంతిలో సగాన్నే వెనక్కి పంపే అద్దం, కాంతి ధ్రువణాన్ని (అది కంపించే తీరును) మార్చే క్వార్టర్ వేవ్ ప్లేట్, ఒక దిశలో కంపించే కాంతిని వదిలి మిగతాదాన్ని ప్రతిబింబించే పోలరైజర్. కాంతి వీటి మధ్య మడతపడి వస్తుంది. ధ్రువణం చెడితే కొంత కాంతి మడతపడకుండా నేరుగా కంటికి చేరి, ఫోకస్ లేని రెండో బొమ్మ అవుతుంది. ప్లేటు అక్షం 45 డిగ్రీల నుంచి పక్కకు తిరగడం ఒక కారణం. అంతకన్నా ఎక్కువగా కనిపించేది ప్లాస్టిక్ లెన్సులో చిక్కుకున్న ఒత్తిడి.

పరీక్ష సులభం. ఒకదానికొకటి 90 డిగ్రీలు తిప్పిన రెండు పోలరైజర్ షీట్ల మధ్య, ధ్రువణ ఫిల్ములు ఇంకా అతికించని లెన్సును బిగింపుతో సహా ఉంచి వెనుక నుంచి వెలుతురు పంపండి. ఒత్తిడి ఉన్నచోట మెరిసే పట్టీలు కనిపిస్తాయి. బిగింపు రింగును వదులు చేస్తే పట్టీలు మాయమైతే దోషం బిగింపుది: రింగు బదులు మూడు మెత్తని ఆధారాలు పెట్టండి. మాయం కాకపోతే దోషం అచ్చుది: నెమ్మదిగా చల్లార్చడం, తర్వాత వేడిలో ఒత్తిడి తీయడం, పాలికార్బొనేట్ ప్లాస్టిక్ ఉంటే దాని బదులు సైక్లో ఓలెఫిన్ అనే ప్లాస్టిక్ వాడడం పరిష్కారాలు.

లక్షణం: ఒక పక్క స్పష్టం, మరో పక్క మసక; లేదా వేడెక్కాక మసక

నాభ్యంతరం 25 మి.మీ. ఉన్నచోట డిస్‌ప్లే 0.1 మి.మీ. జరిగితే ఫోకస్ 0.16 డయాప్టర్లు మారుతుంది. ఒక పక్కే మసకగా ఉంటే డిస్‌ప్లే వాలింది. యూవీ జిగురు గట్టిపడేటప్పుడు కుంచించుకుపోయి లాగడం ఇందుకు సాధారణ కారణం. జిగురు చుక్కలను ఎదురెదురుగా, సమాన మందంతో వేయాలి. అంతా సమానంగా మసకబారితే కారణం వేడి: యాక్రిలిక్ ఒంటి లెన్సు 20 డిగ్రీలు వేడెక్కితే ఫోకస్ సుమారు 0.2 డయాప్టర్లు తప్పుతుంది. డిస్‌ప్లే వేడిని వెనుక లోహపు పలకకు మళ్లించాలి, లేదా ఎక్కువ శక్తి ఉన్న లెన్సును గాజుతో చేయాలి.

లక్షణం: చెరగని గోధుమరంగు మచ్చ లేదా గీత

ఇది ఎండ దెబ్బ. లెన్సు ఎండకు ఎదురుగా ఉన్నప్పుడు 40 మి.మీ. వ్యాసం మీద పడిన సూర్యకాంతి డిస్‌ప్లే మీద 0.23 మి.మీ. చుక్కగా చేరుతుంది, సూర్యుడు కదిలిన కొద్దీ ఆ చుక్క గీత అవుతుంది. పాన్‌కేక్‌లో చాలా కాంతి వృథా అయినా ప్రమాదం పోదు. దీనికి మరమ్మతు లేదు, డిస్‌ప్లే మార్చవలసిందే. అందుచేత డిస్‌ప్లేతో కూడిన మూసిన భాగాన్ని నాలుగు మరలతో విడిగా తీసి మార్చే వీలుండేలా మొదట్లోనే రూపొందించాలి, హెడ్‌సెట్‌తో పాటు లెన్సు మూతను కూడా ఇవ్వాలి.