కారం మానేసినా ఛాతీలో మంట తగ్గట్లేదా?

వరంగల్‌లో ఛాతీ మండితే ముందు నింద పడేది మిరపకాయ మీదే. ఎనుమాముల యార్డుకు లారీలకొద్దీ మిర్చి వచ్చే ఊరు కదా! కారం కొందరికి పడదన్నదీ నిజమే. కానీ పచ్చళ్లు, బజ్జీలు మానేసినా మంట పోవట్లేదంటే, తిన్నాక ఒంటిని ఎట్లా ఉంచుతున్నారో చూడండి. అన్నవాహిక (గొంతు నుంచి పొట్టలోకి ముద్ద దిగే గొట్టం) అడుగున ఒక కండరం ఉంటుంది. ముద్ద దిగేటప్పుడు తెరుచుకుని, మళ్లీ బిగుసుకుంటుంది. నిండిన పొట్ట మీద ఒత్తిడి పడినా, ఆ కండరం సడలినా యాసిడ్ పైకి వస్తుంది.

సమస్య: పడుకోగానే మంట, నోట్లోకి పుల్లటి నీళ్లు

కారణం: తిన్న వెంటనే నడుం వాల్చడం. షాపు మూసి పదింటికి ఇల్లు చేరి, తిని, అటే మంచమెక్కేవాళ్లలో ఇది మామూలు.

పరిష్కారం: తిండికీ పడకకూ మధ్య 2-3 గంటలు ఉండాలి. ఇల్లు చేరేసరికే ఆలస్యమైతే, బాక్సు తెప్పించుకుని ఏడింటికే షాపులో తినేయండి. చాలామంది తల కింద రెండు మూడు దిండ్లు పెడతారు. దాంతో నడుం దగ్గర వంగి పొట్ట ఇంకా నొక్కుకుంటుంది. దానికంటే తలవైపు మంచం కోళ్ల కింద కదలకుండా ఇటుకలు పెట్టి 15-20 సెంటీమీటర్లు లేపండి. కుడి పక్క కంటే ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం మేలు.

సమస్య: మధ్యాహ్నం తిని పనిలో దిగగానే మంట

కారణం: బస్తాలెత్తే హమాలీలు, నాట్లేసే ఆడవాళ్లు, జగిత్యాల, నిజామాబాద్ వైపు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. ఎవరి పని వారిదే గానీ, అందరికీ నలిగేది పొట్టే. ఊపిరి బిగబట్టి బరువెత్తితే ఒత్తిడి మరీ పెరుగుతుంది.

పరిష్కారం: పని మానుకోమని చెప్పడం తేలికే, కూలి ఎవరిస్తారు? సద్ది ఒక్కసారే కడుపునిండా కాకుండా రెండు దఫాలుగా తినండి. తిన్న వెంటనే వంగే పని కాకుండా నిలబడి చేసే పని ఏదైనా ఉంటే అది ముందు చూసుకోండి. బస్తాను మోకాళ్లు వంచి, ఊపిరి వదులుతూ ఎత్తండి. బీడీలు చుట్టేటప్పుడు గోడకు ఆనుకుని, మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయండి.

సమస్య: దావత్‌కు వెళ్లిన రోజే మంట

ఎక్కువ తినడం ఒకటి, బిగుతు బెల్టు, లంగా నాడా ఇంకొకటి. కూర్చునే ముందే వదులు చేసుకోండి.

సమస్య: వ్యాయామంలో మంట

భద్రకాళి బండ్ మీద నడిస్తే ఏమీ కాదు, జిమ్‌లో పొట్ట కసరత్తులకు మండుతుంది. టిఫిన్‌కు ముందే కసరత్తు ముగించండి.

అన్నం తిన్నాక ‘అరుగుదలకు’ బీడీ కాల్చడం మరో అలవాటు. పొగాకు ఆ కండరాన్ని సడలిస్తుంది కాబట్టి జరిగేది రివర్స్.

ఇవన్నీ చేసినా వారానికి రెండు మూడుసార్లు మంట వస్తుంటే, ముద్ద దిగడం కష్టమైతే, మలం నల్లగా వస్తే, బరువు తగ్గుతుంటే డాక్టర్‌ను కలవండి. ఛాతీ నొక్కేసినట్టుండి నొప్పి చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.