శాసనాలతో రాజవంశాల కాలనిర్ణయం – 4వ పాఠం: వేంగి చాళుక్యుల ఏళ్ల లెక్క

క్రిందటి పాఠంలో శక సంవత్సరానికి 78 కలిపి క్రీస్తు శకం రాబట్టడం, మాటల్లో దాచిన అంకెలను విప్పడం నేర్చుకున్నాం. ముందుగా అప్పుడిచ్చిన అభ్యాసానికి జవాబు చూద్దాం. "గిరి రస వసు" అనేది రెండవ అమ్మరాజు పట్టాభిషేకం జరిగిన శక సంవత్సరం. గిరులు 7, రసాలు 6, వసువులు 8. ఈ పద్ధతిలో ఒకట్ల స్థానం ముందు వస్తుంది కాబట్టి జవాబు 867. మీకు 768 వచ్చి ఉంటే అంకెలను ఎడమ నుంచి చదివారన్నమాట. 867కు 78 కలిపితే క్రీ.శ. 945. ఆనాడు మార్గశిర బహుళ త్రయోదశి, శుక్రవారం అని కూడా శాసనం చెబుతోంది. లెక్క కడితే ఆ తిథి 945 డిసెంబరు 5న వస్తుంది. ఆ రోజు శుక్రవారమే. సంవత్సరం, తిథి, వారం మూడూ ఇలా ఒకదానికొకటి సాక్ష్యం పలికినప్పుడు ఆ తేదీని ఇక కదిలించలేం. ఇలాంటి తేదీని ఈ పాఠాల్లో "గుంజ" అని పిలుచుకుందాం. గుంజలు దొరికితే వాటి మధ్య తాడు కట్టవచ్చు.

అయితే గుంజలు అరుదు. వేంగి చాళుక్యులు, అంటే తూర్పు చాళుక్యులు, ఏడో శతాబ్ది మొదలు పదకొండో శతాబ్ది దాకా తీరాంధ్రను ఏలారు. అన్ని తరాల రాజుల్లో పట్టాభిషేక తేదీ కచ్చితంగా తెలిసినవారు కొద్దిమందే. మిగిలినవారి కాలం తెలిసేదెలా? ఇక్కడే ఈ వంశం మనకు గొప్ప మేలు చేసింది. వీళ్ల తరువాతి కాలపు తామ్రశాసనాలు దానం సంగతికి రాకముందే వంశంలో ఎవరెవరు ఎన్నేళ్లు పాలించారో వరుసగా చెబుతాయి. ప్రాచీన భారతంలో ఇంత శ్రద్ధగా ఏళ్లు లెక్కపెట్టిన రాజవంశాలు చాలా తక్కువ. పాలనాకాలాలను కూడి కాలపట్టిక కట్టడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి సాధన దొరకదు.

ఒక శాసనాన్ని దగ్గర నుంచి చూద్దాం. కొన్ని రాగిరేకులు, వాటి అంచున రంధ్రంలోంచి దూర్చిన కడియం, కడియం కొసలను కలిపి పోతపోసిన ముద్ర. ముద్ర మీద వరాహం, సూర్యచంద్రులు, "శ్రీ త్రిభువనాంకుశ" అన్న బిరుదు. మొదటి రేకులో మానవ్య గోత్రం, హారితీపుత్రులు వంటి వంశస్తుతి ఉంటుంది. అది కాగానే లెక్క మొదలవుతుంది. సత్యాశ్రయ వల్లభుని, అంటే బాదామిని ఏలిన రెండవ పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు "అష్టాదశ వర్షాణి" వేంగీదేశాన్ని పాలించాడు. ఆయన కొడుకు జయసింహుడు 33 ఏళ్లు. ఆపై ఇంద్ర భట్టారకుడు. కొన్ని శాసనాల ప్రకారం ఆయన రాజ్యం 7 రోజులు. కొన్నింటిలో ఆయన రాజుగా కాక, తరువాతి రాజుకు తండ్రిగా మాత్రమే కనిపిస్తాడు.

ఇక కాగితం, కలం తీసుకోండి. కుబ్జ విష్ణువర్ధనుడు 18, మొదటి జయసింహుడు 33, రెండవ విష్ణువర్ధనుడు 9, మంగి యువరాజు 25, రెండవ జయసింహుడు 13, కొక్కిలి 6 నెలలు, మూడవ విష్ణువర్ధనుడు 37, మొదటి విజయాదిత్యుడు 18, నాలుగవ విష్ణువర్ధనుడు 36, రెండవ విజయాదిత్యుడు 44, కలి విష్ణువర్ధనుడు ఏడాదిన్నర, గుణగ విజయాదిత్యుడు 44. మొత్తం 279 ఏళ్లు.

గుణగ విజయాదిత్యుని తరువాత వచ్చిన చాళుక్య భీముడికి ఒక గుంజ ఉంది. అత్తిలి తామ్రశాసనం ఆయన పట్టాభిషేకం శక 814లో జరిగిందని చెబుతోంది. అది క్రీ.శ. 892. అందులోంచి 279 తీసేస్తే 613 మిగులుతుంది. కుబ్జ విష్ణువర్ధనుడు 613లో రాజయ్యాడని రాసేద్దామా? వద్దు. ఇప్పటి చరిత్ర పుస్తకాలు చాలావరకు 624 అంటాయి. పందొమ్మిదో శతాబ్ది చివర ఈ వంశపు కాలక్రమాన్ని కూర్చిన ఫ్లీట్ 615 అన్నాడు. మన కూడికకూ 624కూ 11 ఏళ్ల తేడా ఉంది. ఆ తేడా ఎక్కడిదో వెతకడమే ఈ పాఠంలో అసలు పని.

మొదట శాసనాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టండి. జయసింహుడికి కొన్ని 33 ఏళ్లు ఇస్తే కొన్ని 30 ఇస్తాయి. రెండవ విజయాదిత్యుడి విషయంలో గందరగోళం మరీ ఎక్కువ: 40 అని కొన్ని, 44 అని కొన్ని, 48 అని కొన్ని. గంగులతో, రట్టలతో (అంటే రాష్ట్రకూటులతో) పన్నెండేళ్లు పోరాడి 108 యుద్ధాలు చేసి, అన్నే శివాలయాలు కట్టించాడని శాసనాలు కీర్తించిన నరేంద్ర మృగరాజు ఈయనే. కొంతకాలం సింహాసనం దక్కక పోరాడిన రాజు ఏలుబడిని ఎక్కడ నుంచి మొదలుపెట్టాలన్న ప్రశ్న లేఖకుడికీ ఎదురై ఉండవచ్చు. అది నా ఊహ. పట్టికలో మాత్రం మూడు అంకెలూ రాయండి, నచ్చినదాన్ని ఎంచుకుని మిగతావి చెరిపేయకండి.

రెండో కారణం, పూర్తికాని ఏడాదిని కూడా ఏడాదిగా లెక్కవేయడం. ఒక రాజు 17 ఏళ్ల 3 నెలలు పాలిస్తే అది 18వ పాలనా సంవత్సరం. లేఖకుడు 18 అనే రాస్తాడు. కొత్త రాజు మొదటి ఏడాది కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. అంటే ఒకే ఏడాది ఇద్దరి ఖాతాలోనూ పడుతుంది. సగటున రాజుకు అరయేడు అదనమనుకుంటే, ఏళ్లలో లెక్క చెప్పిన పదిమందికి 5 ఏళ్లు.

ఇప్పుడు మళ్లీ కూడండి. మొదటి జయసింహుడికి 30, రెండవ విజయాదిత్యుడికి 40 తీసుకుంటే మొత్తం 272. అరయేళ్ల అదనం 5 తీసేస్తే 267. 892 నుంచి 267 వెనక్కి వెళితే 625. పుస్తకాల్లోని 624కు ఒక్క ఏడాది దూరం. దీంతో 624 రుజువైపోయిందని అనుకోవద్దు. శాసనాల లెక్క 624కు అడ్డురాదని మాత్రమే ఇది చెబుతుంది. ఈ రెండింటికీ ఉన్న తేడాను మరిచిపోయినందువల్లే ఎన్నో కాలపట్టికలు పాడయ్యాయి.

తరువాతి గుంజల మధ్య ఇదే పని త్వరగా చేద్దాం. 892 నుంచి అమ్మరాజు గుంజ 945 దాకా 53 ఏళ్లు. శాసనాల్లో చాళుక్య భీముడికి 30, కొల్లభిగండ విజయాదిత్యుడికి 6 నెలలు, మొదటి అమ్మరాజుకు 7 ఏళ్లు, ఆపై బేతరాజుకు 15 రోజులు, తాళరాజుకు నెల, రెండవ విక్రమాదిత్యుడికి 11 నెలలు, మరో భీముడికి 8 నెలలు, యుద్ధమల్లుడికి 7 ఏళ్లు, రెండవ చాళుక్య భీముడికి 12. మొత్తం 58కి పైనే. ఈసారి అయిదేళ్ల అదనాన్ని అరయేళ్లు ఒక్కటే మింగలేవు. నెలల్లో, రోజుల్లో వచ్చిన ఈ రాజులను చూడండి. రెండేళ్లు నిండకముందే నలుగురు గద్దెనెక్కి దిగారు. దాయాదుల పోరు అంటే ఇదే. ఒకడు ఒక మూల రాజుననుకుంటుండగానే ఇంకొకడు మరో మూల పట్టం కట్టుకున్న కాలంలో ఏళ్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. అదనపు ఏళ్లు కనిపించిన చోట రాజ్యం చీలి ఉందేమో చూడండి.

945 తరువాత కథ మరీ ఆసక్తికరం. అమ్మరాజుకు 25, దానార్ణవుడికి 3. ఆ తరువాత దేశం 27 ఏళ్లు రాజు లేకుండా ఉందని శాసనాలే చెబుతాయి. తరువాత శక్తివర్మకు 12. మొత్తం 67. శక్తివర్మ తమ్ముడు విమలాదిత్యుని పట్టాభిషేకం శక 933లో, అంటే 1011లో. 945 నుంచి 1011కి 66. ఒక్క ఏడాదే తేడా! లేఖకుల లెక్క మీద నమ్మకం కలిగించే చోటు ఇది.

కానీ ఆ 27 ఏళ్లు నిజంగా రాజు లేని కాలమా? కాదు. దానార్ణవుణ్ణి చంపి వేంగిని పట్టుకున్న జటాచోడ భీముడు అప్పుడు గద్దె మీద ఉన్నాడు. కర్నూలు ప్రాంతపు పెదకల్లు చోడవంశం ఆయనది. కాంచీపురం కైలాసనాథాలయంలో ఆయన శాసనం ఉంది. ఏళ్లు నిజాయితీగా లెక్కపెట్టిన లేఖకుడు పేరు మాత్రం రాయలేదు, ఎందుకంటే ఆ రాజు చాళుక్యుడు కాడు. వంశావళిలో ఖాళీ కనబడగానే పొరుగు వంశాల శాసనాలు తిరగేయడం అలవాటు చేసుకోండి.

ఈ కూడికల వల్ల ఒరిగేదేమిటని ఎవరైనా అడిగితే అద్దంకి శాసనం చూపించండి. "పట్టంబు గట్టిన ప్రథమంబు నేణ్డు" అని మొదలయ్యే తరువోజ పద్యం, గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగని శాసనం. తెలుగు పద్యశాసనాల్లో అతి ప్రాచీనమైనవాటిలో ఒకటి. పట్టం కట్టుకున్న మొదటి ఏడు అంటుందే తప్ప, ఆ ఏడు ఏదో పద్యం చెప్పదు. మనం బడిలో చదువుకున్న 848 రాతి మీద లేదు. చాళుక్య భీముని 892లోంచి గుణగ విజయాదిత్యుని 44 తీసేస్తే వచ్చిన అంకె అది. ఫ్లీట్ కాలక్రమం పట్టుకుంటే అదే పద్యం 844కు వెళ్తుంది. తెలుగు పద్యం వయసు ఒక తామ్రశాసనంలోని తీసివేత మీద ఆధారపడి ఉంది!

ఈ వారం అభ్యాసం. నన్నయను ఆదరించిన రాజరాజనరేంద్రుని పట్టాభిషేకం "వేదాంబురాశినిధి" శక సంవత్సరంలో, గురువారం నాడు జరిగింది. అంబురాశి అంటే సముద్రం, ఈ లెక్కలో సముద్రాలు 4, నిధులు 9. మొదట క్రీస్తు శకం రాబట్టండి. విమలాదిత్యుడు 1011 నుంచి 7 ఏళ్లు పాలించాడు. ఆయన పాలన ముగింపుకూ రాజరాజు పట్టాభిషేకానికీ మధ్య ఎన్నేళ్లు మిగులుతున్నాయి? తరువాతి శాసనాలు రాజరాజుకు 41 ఏళ్లిచ్చాయి, చరిత్రకారులు ఆయన పాలన 1061తో ముగిసిందంటారు. లేఖకుడు 41ని ఏ ఏడాది నుంచి మొదలుపెట్టి ఉంటాడు? జవాబు రాసేటప్పుడు రాజరాజుకు విజయాదిత్యుడనే సవతి తమ్ముడు ఉన్నాడని, గద్దె కోసం ఇద్దరికీ పోరు నడిచిందని గుర్తుంచుకోండి.