కేటాయింపు లెక్కలు – 3వ పాఠం: సున్నాలు చాలనప్పుడు

కేటాయింపు లెక్క అంటే ఒక్కొక్కరికి ఒక్కో పని చొప్పున, మొత్తం ఖర్చు కనిష్ఠమయ్యేలా పంచడం. పోయిన పాఠంలో ఖర్చుల పట్టికలో ప్రతి అడ్డువరుసలోని కనిష్ఠాన్ని ఆ వరుసంతటి నుంచీ తీసేశాం. తర్వాత నిలువువరుసల్లోనూ అదే చేశాం. వచ్చిన సున్నాల మీదే పనులు పంచగలిగితే లెక్క తేలినట్టే. ఈసారి అలా తేలని లెక్క.

ముత్తుకూరు, విడవలూరు, అల్లూరుల్లో ఒక్కో రొయ్యల గుంట. మూడింటికీ ఒకే తెల్లవారుజామున పట్టుబడి, కాబట్టి ఒక జట్టు ఒక గుంటకే వెళ్లగలదు. వరుసగా ఆ మూడు గుంటలకూ జట్లు అడిగిన కూలి, వేలల్లో (అంకెలు లెక్క కోసం వేసుకున్నవి):

మొదటి జట్టు: 3, 6, 7
రెండో జట్టు: 4, 9, 7
మూడో జట్టు: 5, 7, 6

ఎక్కడ తక్కువుంటే అక్కడ ఇచ్చుకుంటూ పోతే 3, 6 దక్కుతాయి, చివరికి 9 నెత్తిన పడుతుంది. మొత్తం 18. తొందరపడకుండా రెండు తీసివేతలూ చేద్దాం:

0, 1, 3
0, 3, 2
0, 0, 0

తీసేసింది 3+4+5+2+1, అంటే 15. ఎవరిని ఎటు పంపినా అంతకు తగ్గదు. అయితే మొదటి రెండు జట్లకూ సున్నా ముత్తుకూరు దగ్గరే ఉంది.

ఇప్పుడు సున్నాలన్నీ కప్పేలా వీలైనన్ని తక్కువ గీతలు గీయండి. ముత్తుకూరు మీద నిలువుగా ఒకటి, మూడో జట్టు మీద అడ్డంగా ఒకటి, రెండే చాలు. ఒకే వరుసలో పడకుండా ఎంచుకోగల సున్నాలు గరిష్ఠంగా ఎన్నో, కప్పడానికి కావలసిన కనీస గీతలూ అన్నే. హంగరీ గణితవేత్త కోనిగ్ 1931లో నిరూపించిన సంగతి ఇది. మనకు మూడు సున్నాలు కావాలి, రెండే ఉన్నాయి.

గీత పడని అంకెల్లో చిన్నది 1. గీత పడనివాటి నుంచి దాన్ని తీసేయాలి, రెండు గీతలు కలిసేచోట కలపాలి. పరీక్షల కోసం చదివేవాళ్లు ఇక్కడ సూత్రం బట్టీపట్టి ముందుకెళ్తారు. దయచేసి ఆగండి, అసలు కిటుకు ఇక్కడే ఉంది. నిజానికి మనం చేస్తున్నది గీత లేని రెండు అడ్డువరుసల నుంచి 1 చొప్పున తీయడం, గీత ఉన్న నిలువువరుసకు 1 కలపడం. ఏ పంపకమైనా ప్రతి వరుసలోనూ ఒక్క గడినే తీసుకుంటుంది కదా! అందుకే ఆరు పంపకాల మొత్తాలూ సమానంగా 1 తగ్గుతాయి, వాటిలో ఏది చవకో మారదు. కనీస ఖర్చు హద్దు మాత్రం 15 నుంచి 16కి ఎక్కుతుంది.

0, 0, 2
0, 2, 1
1, 0, 0

రెండో జట్టు ముత్తుకూరుకు, మొదటిది విడవలూరుకు, మూడోది అల్లూరుకు. 4+6+6, సరిగ్గా 16.

కోనిగ్, మరో హంగరీ గణితవేత్త ఎగర్వారీల పని మీద కట్టిన ఈ పద్ధతికి 1955లో అమెరికా గణితవేత్త హెరాల్డ్ కూన్, వాళ్ల మీది గౌరవంతో, హంగేరియన్ పద్ధతి అని పేరు పెట్టాడు.

అభ్యాసం: మూడో జట్టు విడవలూరుకు 7 బదులు 9 అడిగితే గీతల అవసరం పడుతుందా? చేసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో గుంటలు మూడే, జట్లు నాలుగు.