లకోటాల ‘చలికాలాల లెక్క’ చదవడం ఎలా?

ఒక తోలు. మధ్యలో కొన్ని నల్లగీతలు. పక్కన ఒళ్లంతా ఎర్రచుక్కలున్న మనిషి. ఆ పక్కన గుర్రపు నాడా. అక్కణ్నుంచి చుట్టలు చుట్టుకుంటూ బయటికి పోయే బొమ్మలు. ఎక్కడా అక్షరం లేదు, అంకె లేదు. దాని ఫొటో మొదటిసారి చూసినప్పుడు ఎవరో పిల్లాడు తోచక గీశాడనుకున్నాను. అది 71 ఏళ్ల చరిత్ర అని తెలిశాక మాత్రం వదలబుద్ధి కాలేదు.

లకోటాలు ఉత్తర అమెరికా ఆదివాసులు. వాళ్ల భాషలో దీన్ని ‘వనియేతు వొవాపి’ అంటారు. వనియేతు అంటే చలికాలం, ఏడాదికీ అదే మాట. వొవాపి అంటే గీసింది, రాసింది. ఉత్తరమైనా పుస్తకమైనా వాళ్లకు వొవాపే. ఉత్తర అమెరికా మైదానాల్లో, అంటే ఇప్పటి డకోటా రాష్ట్రాలు, నెబ్రాస్కా, మోంటానా ప్రాంతాల్లో, పెద్దలు కూర్చుని గడిచిన ఏడాదికి ఒక్క సంఘటనను ఎంచేవారు. లెక్క కాపాడే మనిషి దానికి బొమ్మ గీసేవాడు, వెనకున్న కథను నోటికి పట్టేవాడు. మొదట బైసన్, అంటే అమెరికా అడవి దున్న, తోలు మీద గీసేవారు. తర్వాత గుడ్డ వచ్చింది, ఆపైన చిట్టా పుస్తకాలు వచ్చాయి.

నేర్చుకోవడానికి లోన్ డాగ్ లెక్క మంచిది, మొదట్లో చెప్పిన బొమ్మలు దానివే. లోన్ డాగ్ అంటే ఒంటరి కుక్క. లకోటాలకు దాయాదులైన యాంక్టొనై తెగ మనిషి. ఒక సైనికాధికారి దగ్గరున్న దాని నకలు 1876లో ఇలాంటి బొమ్మరాతల్ని అధ్యయనం చేసిన గారిక్ మాలరీ కంటపడింది. ఆయన 1877లో అచ్చువేయించాడు.

ముందు నోరు సరిచేసుకోండి

‘రెడ్ ఇండియన్లు’ అనే మాట మన పాఠ్యపుస్తకాల నుంచి నోటికి అంటుకుపోయింది. దాన్ని వదిలేయండి. లకోటా, డకోటాలను కలిపి పిలిచే ‘సూ’ (Sioux) కూడా పక్కవాళ్లు పెట్టిన పేరే. వాళ్లు తమను లకోటా, డకోటా అని చెప్పుకుంటారు.

ఏడాది ఎక్కడ మొదలవుతుందో చూడండి

జనవరి ఒకటి కాదు. తొలి మంచు కురిసిన రోజు నుంచి మళ్లీ తొలి మంచు కురిసేదాకా ఒక ఏడు. అందుకే ప్రతి బొమ్మకూ 1800-01 అని జంట సంవత్సరాలు వేస్తారు. ఉగాదితో ఏడాది మార్చుకునే మనకు ఇది కొత్తేమీ కాదు.

మొదలు, దారి పట్టుకోండి

లోన్ డాగ్ లెక్క నడుమ నుంచి మొదలై చుట్ట తిరుగుతూ బయటికి వస్తుంది. అన్నీ ఇలాగే ఉండవు, కొన్ని వరసల్లో ఉంటాయి. మొదటి బొమ్మలో మూడు నిలువు వరసలు, మొత్తం 30 గీతలు. ఆ ఏడు క్రో తెగవాళ్ల చేతిలో 30 మంది డకోటాలు చనిపోయారు. దాని పక్కనే చుక్కల మనిషి ఎటువైపున్నాడో చూస్తే చుట్ట ఎటు తిరుగుతుందో తేలిపోతుంది. ఆ మనిషి 1801-02, మశూచి ఏడు. తర్వాతది నాడా. 1802-03లో నాడాలు కొట్టిన గుర్రాల్ని ఎత్తుకొచ్చారు. డకోటాలు అప్పట్లో తమ గుర్రాలకు నాడాలు కొట్టేవారు కాదు, కాబట్టి అవి తెల్లవాళ్ల నుంచి వచ్చినవే అయ్యుండాలి. చిన్న బొమ్మే అయినా ఒక కొత్త ప్రపంచం గుమ్మం దాకా వచ్చిందన్న కబురు అందులో ఉంది. ఆ మరుసటేడు క్రోల దగ్గర కొట్టుకొచ్చిన ఉంగరాల జుట్టు గుర్రాలు. బొమ్మలో గుర్రం ఒంటిమీద ఉంగరాలు కనిపిస్తాయి.

గుర్తుల్ని కాస్త అనుమానంగా చదవండి

నోట్లోంచి గీతలు వస్తుంటే దగ్గు. 1813-14 కోరింత దగ్గు ఏడు. తలకు గీత కట్టి దాని చివర బొమ్మ ఉంటే అది ఆ మనిషి పేరు. నుదుటిమీద జుట్టు నిక్కబొడుచుకుని ఉంటే సాధారణంగా క్రో తెగ మనిషి.

చుక్కల దగ్గర తొందరపడకండి. 1818-19కి కూడా చుక్కల మనిషే ఉన్నాడు, కానీ ఆ ఏడు వచ్చింది తట్టు అని చెప్పారు. 1801-02 బొమ్మకీ దీనికీ చుక్కల్లో తేడా చాలా కొద్ది. బొమ్మ ఒక్కటే చూసి మశూచా, తట్టా అని తేల్చలేం. అది తేల్చేది లెక్క కాపాడేవాడి నోటిమాటే. నన్నడిగితే ఈ పద్ధతి మొత్తానికీ తాళంచెవి ఇక్కడే ఉంది. బొమ్మ కొక్కెం లాంటిది, కథను దానికి తగిలిస్తారు.

రాలిన చుక్కల ఏడు వెతకండి

చేతికి ఏ లెక్క దొరికినా ముందు చూడాల్సింది ఇదే. 1833 నవంబరు 12-13 రాత్రి అమెరికా ఆకాశంలో ఉల్కలు వానలా కురిశాయి. 1833-34కి దాదాపు ప్రతి లెక్కలోనూ చుక్కల బొమ్మ ఉంటుంది. అది దొరికితే ముందుకీ వెనక్కీ ఒక్కో బొమ్మకు ఒక్కో ఏడు వేసుకుంటూ పోవచ్చు. రెండు వేర్వేరు లెక్కల్ని పక్కపక్కన పెట్టి సరిచూడాలన్నా ఆ చుక్కల దగ్గరే కలపాలి.

ఒక ఏడు అటూ ఇటూ అయితే కంగారుపడకండి. 1869 ఆగస్టు 7న సూర్యగ్రహణం పట్టింది. మంచు నుంచి మంచుకు లెక్కేస్తే అది 1868-69లో పడాలి. లోన్ డాగ్ దాన్ని 1869-70కి గీశాడు. మా నాయనమ్మ కూడా కొడుకు ‘గాలివాన ఏడు’ పుట్టాడనేది, గాలివానకు ముందా తర్వాతా అని అడిగితే విసుక్కునేది.

మనకు పెద్దదనిపించేది వెతక్కండి

కొత్తవాళ్లు చేసే తప్పు ఇది. 1876 జూన్‌లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర లకోటాలు, షయన్ తెగవాళ్లు కలిసి అమెరికా సైన్యాధికారి కస్టర్ దళాన్ని తుడిచిపెట్టారు. ప్రపంచమంతా ఆ పోరాటం గురించే చెప్పుకుంటుంది. ద ఫ్లేమ్, అంటే జ్వాల, అనే లకోటా మనిషి లెక్కలో 1876-77కి ఉన్నది ప్రభుత్వం గుర్రాల్ని లాక్కోవడం. గుర్రం లేకపోతే వేట లేదు, వేట లేకపోతే రేషన్ కోసం ఏజెన్సీ, అంటే ఆదివాసుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ కార్యాలయం, గుమ్మం దగ్గర నిలబడాలి. అక్కడ ఉన్నవాళ్లకు ఆ ఏడు మిగిల్చింది అదే. మన దగ్గరా అదే ఏడు మొదలైన కరువును, విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించిన ఢిల్లీ దర్బారు పేరుతో ఎవరూ తలచుకోలేదు, ధాత నామ సంవత్సరం పేరుతో ‘ధాత కరువు’ అన్నారు.

ఇప్పుడు ఒకటి మీరే చదవండి

లోన్ డాగ్ లెక్కలో 1845-46కి వెళ్లండి. కింద రాసిన వివరణను చేత్తో మూసేయండి. గుంజలకూ చెట్లకూ ఏవో వేలాడుతుంటాయి. బట్టలు కావు, శవాలు కావు. బైసన్ మాంసం, ఎండబెట్టింది. ఆ ఏడు వేట పుష్కలంగా దొరికింది.