చామంతికి రాత్రి లైట్లు: బెంగళూరు పాలీహౌస్‌లో ఎలా పెట్టాలి

దొడ్డబళ్లాపుర, దేవనహళ్లి వైపు ఎండకు కొదవ లేదు. వెలుతురు పెంచాలని ఖరీదైన గ్రో లైట్లు కొనడం దండగ, ముందు పాలీహౌస్ కప్పు పాలిథీన్ మీద దుమ్ము కడగండి. చామంతికి ఇక్కడ చాలనిది పగటి పొడవు. బెంగళూరులో పగలు ఏడాది పొడవునా సుమారు 11 గంటల 20 నిమిషాలకూ 12 గంటల 55 నిమిషాలకూ మధ్యే ఉంటుంది. పగలు పదమూడున్నర గంటలకు తగ్గితే చామంతి మొగ్గకు దిగుతుంది. అందుకే లైట్లు లేకపోతే జానెడు మొక్కకే పూలొస్తాయి, కట్ ఫ్లవర్‌గా, అంటే పొడవాటి కాడతో కోసి, అమ్మడానికి కాడ ఉండదు.

నారు నాటిన రోజు నుంచే రాత్రి 10 నుంచి 2 దాకా లైట్లు వెలగాలి. చీకటి ముక్కలైతే మొక్కకు పగలు పొడవైనట్టే, మొగ్గకు దిగదు. సాయంత్రం పొడిగించడం కన్నా చీకటిని నడిమధ్య విరగ్గొట్టడమే మేలు, కరెంటూ తక్కువ పడుతుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు రెండు మీటర్లకొకటి, వరుసల మధ్య రెండున్నర మీటర్లు, మొక్కల కొసల పైన మీటరున్నర ఎత్తున కట్టండి. పసుపు ఛాయ ఉండే వార్మ్ వైటే అడగండి: మొగ్గను ఆపేది ఎర్ర కాంతి, కూల్ వైట్‌లో అది తక్కువ. వెలుతురు కొలిచే లక్స్ మీటర్‌ను బల్బు కింద కాకుండా నాలుగు బల్బుల మధ్య పెట్టి చూడండి. 70 నుంచి 100 లక్స్ రావాలి.

గొడవంతా కరెంటుతోనే. బ్యాటరీ లేని టైమర్ కరెంటు కోతకు ఆగిపోయి, తర్వాత పట్టపగలు లైట్లు వేస్తుంది. లైను చివర వోల్టేజీ పడిపోయినా, ఒక బల్బు మాడినా ఆ మేర మొక్కలు ముందే మొగ్గేస్తాయి. కొస ఆకులు విప్పి చూడండి: నడుమ పచ్చటి గుండీలా మొగ్గ, దాని కింద నొక్కులు లేని సన్నటి ఆకులు కనబడితే వెలుతురు తప్పిందన్నమాట. మళ్లీ లైటేసినా ఆ మొగ్గ ముదరదు, పక్క కొమ్మలు పైకి లేస్తాయి.

మొక్క 30 సెంటీమీటర్లు దాటాక, అంటే దాదాపు నాలుగు వారాలకు, లైట్లు పూర్తిగా ఆపండి. రకాన్ని బట్టి ఏడు నుంచి పది వారాల్లో కోతకొస్తుంది. మే నుంచి జులై దాకా పగలు పొడవు, పైగా తెల్లవారుజాము, సందె వెలుతురూ కలిస్తే పదమూడున్నర గంటల దాకా వస్తుంది కాబట్టి మొగ్గలకు రంగు కనబడేదాకా సాయంత్రం 6 నుంచి పొద్దున 7 వరకు నల్ల గుడ్డ కప్పాలి. పక్క షెడ్డు బల్బో, వీధి దీపమో ఈ దశలో బెడ్డు మీద పడితే ఆ వైపు పూత వెనకబడుతుంది. పక్కకో తెర కట్టేయండి.